పని వెంట వచ్చిన సంఘం

విశాఖపట్నంలో టింపనీ స్కూలు పేరు వినని మధ్యతరగతి కుటుంబం అరుదు. సిరిపురం దగ్గర ఆటో ఎక్కి సీబీఎం కాంపౌండ్ అంటే డ్రైవరు ఇంకో ప్రశ్న వేయడు. ఆ మూడక్షరాల పూర్తి రూపం కెనడియన్ బాప్టిస్ట్ మిషన్ అని మాత్రం చాలామందికి తెలియదు. తెలియవలసిన అవసరమూ పెద్దగా పడదు. ఆ స్కూలుకు పేరిచ్చిన ఎ.వి. టింపనీ ఈ ఊళ్లో మిషనరీగా పనిచేసినవాడు కాడు. ఆయన పనంతా రామాయపట్నంలో, కాకినాడలో సాగింది. 1885లో కాకినాడలోనే కలరాతో చనిపోయాడు. అయినా ఇలాంటి పేర్లు ఊరి నడిబొడ్డున కనిపిస్తున్నప్పుడు, విశాఖలో బాప్టిస్టు సంఘాలను మిషనరీ దొరలు కట్టారనీ, జనం తర్వాత వచ్చి అందులో చేరారనీ అనుకోవడం సహజం. సంఘాల వార్షికోత్సవ సంచికలు కూడా చరిత్రను అలాగే మొదలుపెడతాయి. ఫలానా దొరగారు ఫలానా ఏడు ఓడ దిగారు, తర్వాత ఫలానావారు వచ్చారు అంటూ ఆ జాబితా సాగుతుంది. ఆ జాబితాలో అబద్ధం లేదు. కానీ అది చెప్పే క్రమం తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. నూరేళ్లు మిషన్ ఉన్నా విశాఖలో సంఘం చిన్నదిగానే ఉండిపోయింది. అది పెద్దదైంది జీతం కోసం ఊళ్లు వదిలి వచ్చినవాళ్ల వల్ల. తంతి కొట్టిన మనుషులు, నర్సులు, పంతుళ్లు, రైల్వే కళాసీలు, రేవు కూలీలు, షిప్‌యార్డు ఫిట్టర్లు, చివరికి స్టీల్ ప్లాంటు ఉద్యోగులు తమతో తెచ్చుకున్న సంఘం ఇది.

మొదటి నూరేళ్ల సంగతి ముందు చూడాలి. తెలుగువాళ్ల మధ్య ప్రొటెస్టెంటు మిషను పని నిలకడగా మొదలైంది విశాఖలోనే. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డె గ్రాంజెస్ ఇక్కడికి వచ్చారు. కోటలోని ఇంగ్లీషువారికి ఆదివారం ఆరాధన జరుపుతూ, మిగతా రోజుల్లో తెలుగు నేర్చుకుంటూ, సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్నారు. వారికి అసలు ఆసరా ఆనందరాయరు అనే బ్రాహ్మణుడు. ఆయన ఇక్కడికి రాకముందే వేరేచోట క్రైస్తవుడయ్యాడు. 1806లో ఈ తీరం వెంట ప్రయాణించిన క్లాడియస్ బుకానన్ తన పుస్తకంలో ఆయన గురించి శ్రద్ధగా రాశాడు. క్రాన్ 1809లో, డె గ్రాంజెస్ 1810లో చనిపోయారు. వారు తెలుగు చేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ అచ్చుకూటం విలియం కేరీ బృందానిది, అంటే బాప్టిస్టులది. తర్వాత వచ్చిన ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన మొత్తాన్ని తెలుగు చేశాడు. అది 1818లో మద్రాసులో వెలువడింది. 1840లో వచ్చిన జాన్ హే సుమారు యాభై ఏళ్లు ఇక్కడే ఉండి బడి నడిపాడు, బైబిలు తెలుగును సవరించాడు. ఒక ఊరు ఒక భాష మత వాఙ్మయానికి ఇంత చేసిందంటే చిన్న విషయం కాదు.

ఇన్ని చేసినా మనుషులు రాలేదు. విశాఖలో తొలి తెలుగు విశ్వాసికి బాప్తిస్మం ఇవ్వడానికి మిషనుకు దాదాపు ముప్పై ఏళ్లు పట్టిందని మిషన్ చరిత్రలే చెబుతాయి. 1847లో హే బడి నుంచి వచ్చిన పులిపాక జగన్నాథం బాప్తిస్మం పొందాడు, తర్వాత పాస్టరు కూడా అయ్యాడు. అలాంటివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇది దొరల చేతకానితనమని అనలేం, ఎందుకంటే ఇదే సొసైటీ కడప జిల్లాలో 1850ల నుంచి మాలపల్లెలకు మాలపల్లెలను చేర్చుకోగలిగింది. తేడా ఊరి స్వభావంలో ఉంది. విశాఖ అప్పటికి కలెక్టరు కచేరీ, చిన్న రేవు, పింఛను తీసుకునే సిపాయిలు, దివాణాల వకీళ్లు ఉన్న ఊరు. 1901లో కూడా జనాభా 41 వేలు దాటలేదు. ఇక్కడ మిషన్ మాట్లాడింది బడికి వచ్చే పైకులాల పిల్లలతో. వాళ్లకు కావలసింది ఇంగ్లీషు. కడపలోనూ, తర్వాత ఒంగోలులోనూ మిషన్ దగ్గరకు వచ్చింది పల్లె మొత్తం. ఊరి పెద్దల మాట కాదని నిలబడాలంటే ఒంటరి మనిషికి కుదరదు, పల్లెకు కుదురుతుంది. 1878లో కరవు తగ్గాక జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2222 మందికి బాప్తిస్మం జరిగిన సంగతి ప్రపంచమంతా చెప్పుకున్నారు. ఉత్తరాంధ్రలో అలాంటిది జరగలేదు.

బాప్టిస్టులు విశాఖను చూడక కాదు, చూసి కూడా దాటిపోయారు. అమెరికా బాప్టిస్టుల తొలి తెలుగు మిషనరీ శామ్యూల్ డే 1836లో ముందు దిగింది విశాఖలోనే. అక్కడ లండన్ మిషన్ ఉండటంతో శ్రీకాకుళం వెళ్లాడు, తర్వాత మద్రాసు, చివరికి 1840లో నెల్లూరు చేరాడు. అక్కడి నుంచే ఒంగోలు దాకా సాగిన పెద్ద కథ మొదలైంది. ఈ ప్రాంతం నుంచి బాప్టిస్టులకు దక్కిన ఒకే పెద్ద మనిషి పురుషోత్తమ చౌదరి. పర్లాకిమిడి దగ్గర మదనాపురంలో 1803లో పుట్టిన ఆయన, విశాఖ మిషను వారి పరిచయంతో కదిలి, 1833లో కటకం వెళ్లి అక్కడి బాప్టిస్టుల చేతుల మీదుగా బాప్తిస్మం పొందాడు. ఆయన రాసిన పాటలు ఇవాళ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో లూథరన్లూ ఆంగ్లికన్లూ బాప్టిస్టులూ అందరూ పాడుకునేవి. తిరిగే మనిషి ఆయన. ఊరూరా నడిచి బోధించాడు. ఒక చోట కాంపౌండు కట్టుకుని కూర్చున్నవాళ్ల కంటే ఈ తీరంలో ఎక్కువ మిగిలింది ఆయన పాటే. నా వాదనకు ఆయన మొదటి సాక్షి.

రెండో సాక్షి ఇంకా గట్టివాడు. కెనడా బాప్టిస్టుల తెలుగు మిషను 1874 మార్చిలో జాన్ మెక్‌లారిన్ కాకినాడ చేరడంతో మొదలైందని రాస్తారు. ఆయన చేరేసరికే అక్కడ సంఘం ఉంది. దాన్ని నిలబెట్టినవాడు థామస్ గేబ్రియల్ అనే తెలుగువాడు, తంతి తపాలా శాఖలో ఉద్యోగి. లూథరన్ల మధ్య క్రైస్తవుడై, ఉద్యోగరీత్యా మద్రాసు వెళ్లినప్పుడు బాప్టిస్టు అభిప్రాయాలకు మళ్లి, ఆ ఉద్యోగం వదులుకుని కాకినాడ ప్రాంతంలో సొంతంగా బోధ మొదలుపెట్టాడు. తోలు వ్యాపారం పెట్టి సంఘాన్ని పోషించాలని చూశాడు, అప్పులపాలయ్యాడు. చేతనైనంత లాగి, ఇక లాగలేక, టింపనీ, మెక్‌లారిన్ల ద్వారా కెనడావారిని రమ్మన్నాడు. వారు వచ్చాక ఏడాది తిరగకుండానే 1875 మొదట్లో చనిపోయాడు. బదిలీ ఉద్యోగం ఒక మనిషిని ఒక ఊళ్లో ఒక బోధకు, ఇంకో ఊళ్లో ఇంకో బోధకు పరిచయం చేసింది. ఆ జీతంతో, ఆ తిరుగుడుతో ఏర్పడ్డ నమ్మకం సంఘమైంది. మిషను తర్వాత వచ్చి దాన్ని లెక్కలోకి తీసుకుంది. కాకినాడలో జరిగినది తర్వాత యాభై ఏళ్లకు విశాఖలో పెద్ద ఎత్తున జరగబోయేదానికి నమూనా అని నేనంటాను.

1875లో కెనడా తూర్పు తీర రాష్ట్రాల బాప్టిస్టులు ఇక్కడికి రావడం కూడా ఒక దారి తప్పిన కథే. వారు ముందు వెళ్లింది సయాముకు, అక్కడి కరెన్ల దగ్గరకు. అనుకున్నంతమంది కరెన్లు అక్కడ దొరక్కపోవడంతో ఇంటి నుంచి ఆదేశం వచ్చి తెలుగు దేశానికి మళ్లారు. దక్షిణాన కాకినాడ, తుని, ఆకివీడు వైపు ఒంటారియో, క్వెబెక్ వారు ఉంటే, ఉత్తరాన భీమునిపట్నం, బొబ్బిలి, శ్రీకాకుళం, తర్వాత విజయనగరం, పర్లాకిమిడి, పాలకొండ, టెక్కలి వీరి వంతు. భీమిలిలో రూఫస్ శాన్‌ఫోర్డ్, బొబ్బిలిలో జార్జ్ చర్చిల్ దశాబ్దాలు గడిపారు. విశాఖ మాత్రం మధ్యలో లండన్ మిషనుదిగా ఉండిపోయింది. ఒక మిషను ఉన్నచోట ఇంకొకరు దిగకూడదన్న మర్యాదను అప్పట్లో గట్టిగానే పాటించేవారు. ఆ మర్యాద ఫలితంగా బాప్టిస్టు స్టేషన్లన్నీ విశాఖ చుట్టూ పల్లెటూరి వైపున ఏర్పడ్డాయి. పట్నం చేతికి అందింది 1910 ప్రాంతంలో, లండన్ మిషన్ ఇక్కడి పనిని కెనడావారికి అప్పగించి తప్పుకున్నప్పుడు. రెండింటికీ సంఘ నిర్వహణ పద్ధతి దాదాపు ఒకటే. చిన్నపిల్లలకు నీళ్లు చిలకరించే ఆచారం పోయి, పెద్దయ్యాక ఒప్పుకోలు చెప్పి నీళ్లలో మునిగే ఆచారం వచ్చింది. నూట అయిదేళ్ల కాపురం తర్వాత వారు అప్పగించినవి బడి, స్థలాలు, కొద్దిపాటి సంఘం.

ఈ ఉత్తరాది స్టేషన్లలో లెక్కకు రాని పని చాలావరకు ఆడవాళ్లది. హన్నా మరియా నోరిస్ 1870లో నోవా స్కోషియాలోని కాన్సోలో మొదలుపెట్టిన స్త్రీల సహాయ సమాజాలు కొద్ది నెలల్లోనే ముప్పైకి పైగా ఏర్పడి, చందాలు పోగుచేసి ఈ పనికి డబ్బు పంపాయి. ఆమె తర్వాత డబ్ల్యు.ఎఫ్. ఆర్మ్‌స్ట్రాంగ్‌ను పెళ్లాడి శ్రీకాకుళం వచ్చింది. బొబ్బిలిలో మటిల్డా చర్చిల్ ఆడపిల్లల బడి నడిపింది. ఆమె ఉత్తరాలు 1916లో పుస్తకంగా వచ్చాయి. వారి వెంట ఇంటింటికీ తిరిగిన తెలుగు బైబిలు స్త్రీల పేర్లు ఎక్కువగా ఆ పుస్తకాలకు ఎక్కలేదు, ఎక్కినా సగం పేరే. దొరసాని లోపలికి పోలేని ఇళ్లకు పోయినవాళ్లు వాళ్లు. చదువు చెప్పడం, పురుడు పోయడంలో సాయం, పాట నేర్పడం అన్నీ వాళ్లే చేశారు. వాళ్ల కూతుళ్లు, మనవరాళ్లు మిషన్ బడుల్లో చదివి, శ్రీకాకుళం, పిఠాపురం వంటి మిషన్ ఆసుపత్రుల్లో నర్సింగు నేర్చి, జీతాల మీద బయటి ఊళ్లకు వెళ్లిన తొలి తరం తెలుగు స్త్రీలలో ఉన్నారు. 1923లో కింగ్ జార్జ్ ఆసుపత్రి మొదలైనప్పటి నుంచి విశాఖకు నర్సులు కావలసి వచ్చారు. ఇంటి మగవాడి ఉద్యోగం వెంట వచ్చిన సంఘం అని చరిత్ర చెబుతున్నప్పుడు, అమ్మాయి ఉద్యోగం వెంట వచ్చిన కుటుంబాలను మరిచిపోతుంది.

పని వెంట సంఘం నడవడం విశాఖ ఒక్కదాని ప్రత్యేకత కాదు. తెలుగు బాప్టిస్టుల చరిత్రలో అది పదేపదే కనిపిస్తుంది. శ్రీకాకుళంలో ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు 1880లలో బర్మాకు మళ్లి, మౌల్మెయిన్, రంగూన్లలో తెలుగు, తమిళ కూలీల మధ్య దశాబ్దాలు పనిచేశారు. కారణం సులువు. భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి ఏటా వేలమంది రంగూను మిల్లులకూ రేవుకూ పోయేవారు. వాళ్లు పోయినచోటికి పాట పుస్తకం పోయింది. దక్షిణాఫ్రికా సంగతి ఇంకా స్పష్టం. నెటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలను పంపిన జిల్లాల్లో విశాఖపట్నం ఒకటి. అక్కడి తెలుగు బాప్టిస్టులు తమకు పాస్టరు కావాలని అడిగితే, నెల్లూరులోని తెలుగు బాప్టిస్టుల హోం మిషన్ సంఘం 1903లో జాన్ రంగయ్యను పంపింది. తెలుగువాళ్ల కానుకల మీద తెలుగు పాస్టరు సముద్రం దాటాడు. అంతకుముందే అక్కడ సంఘం లాంటిది ఉంది కాబట్టే పాస్టరు కావలసి వచ్చాడు. ఆ ఏడాది చివర్లో కియర్స్నీలో లాంఛనంగా సంఘం స్థాపించారు. బర్మా నుంచి 1942లో కాలినడకనా, 1960లలో ఓడల్లోనూ తిరిగి వచ్చినవాళ్లలో కొందరికి విశాఖలో కంచరపాలెం బర్మా క్యాంపు నివాసమైంది. పోయినప్పుడు ఊరి మనుషులుగా పోయి, వచ్చేటప్పుడు పట్నవాసులుగా వచ్చారు. సంఘం నడపడం, పాస్టరుకు జీతం పోగుచేయడం, లెక్కలు రాయడం తెలిసిన మనుషులు వాళ్లలో ఉన్నారు. ఇది ఏ మిషన్ స్టేషనూ ఒక్క ఊళ్లో కూర్చుని ఇవ్వగలిగిన శిక్షణ కాదు.

ఇక పట్నం కదిలింది. రేవు తవ్వకం 1920ల చివరిలో మొదలై, 1933 డిసెంబరులో విల్లింగ్డన్ ప్రభువు దాన్ని లాంఛనంగా ప్రారంభించాడు. 1941 జూన్‌లో సింధియా కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948 మార్చిలో అక్కడ కట్టిన జల ఉష ఓడ నీటిలోకి జారింది. 1957లో కాల్టెక్స్ శుద్ధి కర్మాగారం, 1960లలో భారీ పరికరాల కర్మాగారం, ఎరువుల కర్మాగారం, బైలదిల్లా ఖనిజం తెచ్చే రైలు మార్గం వచ్చాయి. 1951లో లక్ష దాటిన జనాభా 1981 నాటికి ఆరు లక్షలకు చేరింది. ఈ పెరుగుదల ఊళ్లో పుట్టినవాళ్ల వల్ల వచ్చింది కాదు. శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి, తూర్పు గోదావరి పల్లెలు ఖాళీ అయి ఇక్కడ నిండాయి. అవి సరిగ్గా కెనడావారు లండన్ మిషన్ మర్యాద కోసం విశాఖను వదిలి పని మొదలుపెట్టి, డెబ్భై ఏళ్లు కొనసాగించిన పల్లెలే. పల్లెలో విడివిడిగా నాలుగైదు కుటుంబాలుగా ఉన్నవాళ్లు మల్కాపురంలో, మర్రిపాలెంలో, గాజువాకలో ఒక వీధిలో పడ్డారు. స్టేషనుల వారీగా చూస్తే బలహీనంగా కనిపించిన ఉత్తరాది మిషను, పట్నంలో అంతా ఒకచోట కూడేసరికి బలంగా కనిపించింది. నేను దీన్ని వలస లెక్కలను, మిషన్ పటాన్ని పక్కపక్కన పెట్టి తీస్తున్న నిర్ణయంగా చెబుతున్నాను. ఇంతకంటే సులువుగా ఈ పెరుగుదలను వివరించే దారి నాకు కనబడలేదు.

దీనికి మొదటి అభ్యంతరం విశాఖలోని క్యాథలిక్కుల పేట జ్ఞానాపురం. రైల్వే, రేవు కూలీలు క్రైస్తవులై ఒకచోట స్థిరపడటం బాప్టిస్టుల గొప్పా? క్యాథలిక్కులది ఇంకా పాతది కాదా? నిజమే, పని వెంట వచ్చింది అన్ని శాఖలూనూ. తేడా ఎక్కడంటే, క్యాథలిక్ విచారణ ఏర్పడాలంటే బిషప్ కావాలి, గురువును నియమించాలి, గుడి కట్టాలి. బాప్టిస్టులకు బాప్తిస్మం పొందిన కొద్దిమంది పెద్దవాళ్లు ఒక క్వార్టర్స్ ముందుగదిలో కూడితే చాలు, అది సంఘమే. డీకన్లను వాళ్లే ఎన్నుకుంటారు, పాస్టరుగారిని వాళ్లే పిలుచుకుంటారు, జీతం వాళ్లే ఇస్తారు. తుని సంఘం నుంచో టెక్కలి సంఘం నుంచో తెచ్చుకున్న బదిలీ ఉత్తరం చూపి ఆదివారం సభ్యులుగా చేరతారు. రాత్రి షిఫ్టువాళ్ల కోసం గృహకూడిక వేళ మార్చాలంటే పైవాళ్ల అనుమతి అక్కర్లేదు. మిషనరీలు ఈ సిద్ధాంతాన్ని పుస్తకాల్లో నేర్పారు, కానీ తమ స్టేషన్లలో దాన్ని పూర్తిగా అమలు చేయలేదు. డబ్బు వాళ్లది కాబట్టి మాట కూడా వాళ్లదే. జీతాలు సంఘస్థుల చేతికి వచ్చాకే ఆ సిద్ధాంతం నిజమైంది. 1946లో ఉత్తర సర్కారుల బాప్టిస్టు సంఘాల కన్వెన్షన్ ఏర్పడి, తర్వాతి దశాబ్దాల్లో మిషనరీలు ఒక్కొక్కరే వెళ్లిపోయినప్పుడు పట్నపు సంఘాలు నిలదొక్కుకున్నాయి. పల్లె సంఘాలు కుంటుపడ్డాయి. తేడా భక్తిలో లేదు, జీతంలో ఉంది.

రెండో అభ్యంతరం బరువైనది. ఆ జీతాలు ఎక్కడి నుంచి వచ్చాయి? మిషన్ బడిలో అక్షరం నేర్వకపోతే మాలపల్లె పిల్లవాడికి రేవులో టాలీ క్లర్కు ఉద్యోగం ఎవరిస్తారు? ఇది ఒప్పుకోవలసిందే. లండన్ మిషన్ బడి తర్వాత సీబీఎం హైస్కూలైంది, కాకినాడలో మెక్‌లారిన్ హైస్కూలు వచ్చింది, పల్లెల్లో ఒంటి ఉపాధ్యాయుడి బడులు వెలిశాయి. ఇవి లేకుండా పైన చెప్పిన కథ లేదు. అయితే ఆ బడులు ఎవరికి ఉపయోగపడ్డాయో గమనించాలి. పట్నంలోని పెద్ద బడి చాలాకాలం పైకులాల పిల్లలను వకీళ్లనూ గుమాస్తాలనూ చేసింది. వాళ్లు సంఘంలోకి రాలేదు, రావాలని ఎవరూ పట్టుబట్టలేదు కూడా. సంఘాన్ని కట్టినవి పల్లె బడులు. వాటిలో పంతులు, బోధకుడు ఒకడే, జీతం అంతంత మాత్రం. మిషన్ గొప్పగా చెప్పుకున్న సంస్థ ఊరికి ఉపకారం చేసింది. సంఘానికి ఉపకారం చేసినది దాని నివేదికల్లో ఒక వరుసకు మించి చోటు దక్కని తాటాకు బడి. టింపనీ స్కూలు గేటు ముందు నిలబడే కార్ల వరుస చూస్తే ఈ తేడా ఇప్పటికీ తెలుస్తుంది.

మూడోది అందరూ అనేది. బియ్యం కోసం, పాల పొడి కోసం మతం మారారని. కరవు కాలంలో మిషన్ పని కల్పించిందన్నది నిజం. ఒంగోలులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని కరవు కూలీలకు పని ఇచ్చాడు. ఆ తర్వాతే పెద్ద బాప్తిస్మాలు జరిగాయి. కరవు నడుస్తున్నన్నాళ్లు ఆయన బాప్తిస్మాలు ఆపేశాడన్నది కూడా అంతే నిజం. అయినా ఈ ఆరోపణకు విశాఖలో జవాబు పందొమ్మిదో శతాబ్దంలో దొరకదు, 1950లో దొరుకుతుంది. ఆ ఏడాది వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం పుచ్చుకున్న దళితుడు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉండడు. ఆంధ్రప్రదేశ్‌లో అతనికి మిగిలింది బీసీ-సీ, అందులో ఒక్క శాతం. ప్రభుత్వ రంగ కర్మాగారాలు వరుసగా వెలిసిన ఊళ్లో, అంటే రిజర్వేషను విలువ అత్యంత ఎక్కువగా ఉన్న ఊళ్లో, క్రైస్తవుడనని రాసుకోవడం నేరుగా నష్టం. బియ్యం కోసం చేరిన సంఘమైతే 1950 తర్వాత కరిగిపోవాలి. అది పెరిగింది. దీనికి ఎదురు ప్రశ్న ఉంది. చాలామంది కాగితం మీద హిందువులుగానే ఉండి ఆదివారం గుడికి వస్తున్నారు కదా, నష్టం ఎక్కడ? ఆ మాట సగం నిజం. కానీ కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటి అయి బతకడం కూడా ఖర్చే. పిల్లవాడి బాప్తిస్మం ఫొటో తీయనివ్వకపోవడం, పెళ్లి పత్రిక మీద ఏం అచ్చువేయాలో పదిసార్లు ఆలోచించడం, కుల ధ్రువీకరణ పత్రం మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తారేమోనని సంఘ కార్యదర్శి పదవి వద్దనడం ఆ ఖర్చులో భాగాలు. చరిత్రకారుడికి దీని వల్ల వచ్చే చిక్కు వేరు. జనగణనలో క్రైస్తవుల సంఖ్య చూసి ఈ నగరంలో సంఘం ఎంతదో చెప్పబోయేవాడు తప్పకుండా తప్పు చెబుతాడు.

ఈ కథలో మెచ్చుకోదగనివి కూడా ఉన్నాయి. పైవాడి అనుమతి అక్కర్లేని సంఘానికి పైవాడి అడ్డూ ఉండదు. డీకన్ల ఎన్నిక రెండు కుటుంబాల తగాదా అయినప్పుడు సంఘం రెండవుతుంది. పల్లెలో మాలలకు ఒక గుడి, మాదిగలకు ఒక గుడి ఉన్నట్టే, పట్నంలో ఒకే వీధిలో వేరువేరు సంఘాలు ఎందుకున్నాయో బోర్డు మీద ఉండదు కానీ లోపలివాళ్లకు తెలుసు. మిషను వదిలివెళ్లిన భూముల విలువ విశాఖ పెరిగే కొద్దీ కోట్లకు చేరడంతో, వాటి మీద వివాదాలు, వ్యాజ్యాలు సంఘాల శక్తిని ఏళ్ల తరబడి తిన్నాయి. ఇక్కడ నా వాదనకు ఒక అనుకోని బలం దొరుకుతుంది. తగాదా పడ్డవి ఎక్కువగా మిషన్ కట్టిన కాంపౌండ్ల చుట్టూనే. జీతగాళ్లు చందాలు వేసుకుని కొనుక్కున్న రెండు వందల గజాల స్థలంలోని గుడిని అమ్మడానికి ఎవరూ ముందుకు రారు, వచ్చినా కొన్నవాళ్లు ఇంకా బతికే ఉంటారు.

స్టీల్ ప్లాంటు దగ్గరకు వచ్చేసరికి ఈ కథ మరో మలుపు తీసుకుంటుంది, అది అంత సుఖంగా చెప్పుకోదగింది కాదు. ఉక్కు కర్మాగారం కోసం సాగిన 1966 ఉద్యమంలో ముప్పై రెండు ప్రాణాలు పోయాక, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసేదాకా ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. దాని కోసం అరవైకి పైగా గ్రామాలు లేచిపోయాయి. ఉక్కునగరం సెక్టార్లలోనూ కూర్మన్నపాలెంలోనూ ఆదివారం కూడే సంఘాలు, లేచిపోయిన ఆ ఊళ్ల మీద కొత్తగా వచ్చినవాళ్ల సంఘాలు. పునరావాసం కింద ఇచ్చిన ఆర్ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఏళ్లు ఎదురుచూసిన నిర్వాసితుడికి, బయటి జిల్లా నుంచి వచ్చి క్వార్టర్స్‌లో దిగిన క్రైస్తవ ఉద్యోగి పొరుగువాడు మాత్రమే, అన్నివేళలా ఇష్టమైన పొరుగువాడు కాడు. సంఘాల సేవా కార్యక్రమాలంటే మనం సాధారణంగా వైద్య శిబిరాలు, బట్టల పంపిణీ, తుఫానప్పుడు అన్నం పొట్లాలు చూస్తాం. 2014లో హుద్‌హుద్ నాడు వాటి అవసరం నిజంగానే పడింది. కానీ పునరావాస కాలనీల సమస్యను సంఘాలు తమ సమస్యగా తీసుకున్న దాఖలాలు తక్కువ. ఉద్యోగం మీద నిలబడ్డ సంఘం ఉద్యోగం లేనివాడి పక్కన నిలబడటానికి ఎంతో కొంత తటపటాయిస్తుంది. ఈ విమర్శ బాప్టిస్టులకే వర్తించేది కాదు, అయినా వాళ్లకు వర్తిస్తుంది.

ఇప్పుడు ఆ ఉద్యోగమే మారిపోతోంది. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారంలో నూరు శాతం వాటా ఉపసంహరణకు కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. ఆందోళనలు సాగాయి. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించారు. కార్మికుల పక్షాన ఆ అనిశ్చితి తీరలేదు. 1980లలో చేరిన తరం పదవీ విరమణ చేసింది. పాస్టరు జీతం, ఊరి సంఘానికి పంపే సొమ్ము, స్త్రీల సమాజం బడ్జెట్ అన్నీ శాశ్వత ఉద్యోగి దశమభాగం మీద లెక్కవేసినవి. కొత్తగా వస్తున్నవాళ్లు కాంట్రాక్టు కార్మికులు, ఫార్మా కంపెనీల షిఫ్టు మనుషులు. వాళ్లు కన్వెన్షన్ సంఘాల పాత బల్లల మీద ఎక్కువగా కూర్చోవడం లేదు. గాజువాక నుంచి పరవాడ దాకా అద్దె గదుల్లో, రేకుల షెడ్లలో, సొంత పేర్లు పెట్టుకున్న స్వతంత్ర సంఘాల్లో కూడుతున్నారు. పెంతెకొస్తు ధోరణి పెరిగి బాప్టిస్టు సంప్రదాయం అంతరిస్తోందని పాత సంఘాల పెద్దలు బాధపడతారు. పాటల తీరు, ప్రార్థన గొంతు చూస్తే వారి మాట నిజమనిపిస్తుంది. కానీ ఆ షెడ్లలో పసిపిల్లలకు నీళ్లు చిలకరించరు, పెద్దయ్యాక ముంచుతారు. పాస్టరును వాళ్లే పెట్టుకుంటారు, వాళ్లే మానిపిస్తారు. కానుక వాళ్లది, లెక్క వాళ్లది. పైన బిషప్ లేడు. బోర్డు మీద బాప్టిస్టు అన్న మాట ఒక్కటే లేదు.